దూలం కుంగకుండా, ఒరగకుండా: చిన్న కట్టడాల్లో ఇనుప గర్డర్లకూ కొయ్య దూలాలకూ ఊతం ఇచ్చే పద్ధతి

డాబా మీద రేకుల షెడ్డు వేసుకునేవాళ్లూ, రెండు షాపుల మధ్య గోడ తీసి ఒకటిగా చేసుకునేవాళ్లూ, తాతల నాటి మట్టి మిద్దెను నిలబెట్టుకోవాలనుకునేవాళ్లూ చివరికి ఒకే మాట అడుగుతారు: "ఈ దూలం చాలుతుందా, ఇంకాస్త పెద్దది వేయాలా?" చాలాసార్లు పెద్దది అక్కర్లేదు. ఉన్నదాన్ని పట్టుకోవాల్సిన చోట పట్టుకుంటే సరిపోతుంది. ఆ చోటు ఏదో తెలియకనే కొందరు రెట్టింపు ఇనుము కొంటారు, ఇంకొందరు ఎక్కడపడితే అక్కడ ప్లేట్లు వెల్డింగ్ చేయించుకుని నిశ్చింతగా ఉంటారు.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయి. దూలం పక్కకు జరగకుండా, మెలిక పడకుండా బయటినుంచి పట్టుకోవడం ఒకటి, దీన్ని బ్రేసింగ్ అంటారు. దూలాన్నే బిగువుగా, అంటే తేలిగ్గా వంగకుండా, చేయడం రెండోది, ఇది స్టిఫెనింగ్. ఒకదానికి చేయాల్సిన వైద్యం రెండోదానికి చేస్తే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది.

ఒక హద్దు ముందే చెబుతాను. పై అంతస్తును మోస్తున్న గోడ తీయడం, కాలమ్ తీసేయడం, పగిలిన ఆర్‌సీసీ బీమ్ కింద గర్డర్ దూర్చడం లాంటివి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతోనే జరగాలి. కింద చెప్పే లెక్కలు ఆ ఇంజనీరుతో, వెల్డరుతో, వడ్రంగితో మీరు తెలిసి మాట్లాడటానికి పనికొస్తాయి.

మొదటి మెట్టు: జబ్బు ఏదో తేల్చుకోండి

దూలం ఒక చివరినుంచి రెండో చివరికి నైలాన్ దారం బిగువుగా లాగి కట్టండి. మధ్యలో దూలానికీ దారానికీ తేడా కొలవండి. అది కుంగుడు. ఎంతవరకు ఒప్పుకోవచ్చు? పగిలే వస్తువును మోసే దూలానికి, అంటే పెంకులు, సీలింగు, ప్లాస్టరు ఉన్నచోట, పొడవులో 360వ వంతు. 4 మీటర్లకు 11 మి.మీ. మిగతా కొయ్య దూలాలకు 240వ వంతు, అంటే దాదాపు 17 మి.మీ. రేకులు మోసే ఇనుప పర్లిన్లకైతే 150వ వంతు వరకు ఇనుప కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 ఒప్పుకుంటుంది. పాత కొయ్య దూలం ఈ హద్దు దాటి వంగి ఉన్నంత మాత్రాన కూలిపోతుందని కాదు. కొయ్య ఏళ్ల తరబడి బరువు కింద మెల్లగా వాలుతుంది. వంపు ఆగిందా, పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న. కొలత పక్కన గోడ మీద తేదీ రాసి, ఒక వానాకాలం గడిచాక మళ్లీ కొలవండి.

తర్వాత మేస్త్రీ దగ్గరుండే తూకం గుండు తీసుకుని, దూలం పక్క ముఖానికి ఆనించి, చివర్లలోనూ మధ్యలోనూ వేలాడదీయండి. చివర్లలో నిట్టనిలువుగా ఉండి మధ్యలో పైభాగం పక్కకు వాలి ఉంటే, అది కుంగుడు కాదు, ఒరగడం. కంటికి దొరకదు, దారానికి దొరకదు, గుండుకు దొరుకుతుంది. నా ఉద్దేశంలో ఎక్కువ భయపడాల్సింది దీనికే. కుంగే దూలం ముందే చెబుతుంది. ఒరిగే దూలం చెప్పకుండా పోతుంది.

చివరగా గోడలోకి దూరే చోట చూడండి. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చితే కొయ్యలో సులువుగా దిగుతోందా? సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తోందా? చెదలు, పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే, ఎందుకంటే గోడ తేమ అక్కడే తగులుతుంది. ఇనుమైతే తుప్పు పొరను సుత్తితో రాల్చి, మిగిలిన మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. రంగు కింద ఎంత మిగిలిందో రంగు చెప్పదు.

రెండో మెట్టు: బరువు దించడం

రాయలసీమ మట్టి మిద్దెల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. దూలాల మీద దంతెలు, అంటే అడ్డంగా వేసే సన్నటి కొయ్యలు, వాటి మీద కట్టెలో బండలో, ఆపైన మట్టి, పైన చవుడు. వానలకు ముందు కారకుండా మళ్లీ కాస్త చవుడు పోస్తారు. పోసేవాళ్లే తప్ప పాతది తీసేవాళ్లు తక్కువ. ఎండిన మట్టి ఘనపు మీటరుకు 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుందనుకుంటే, 20 సెం.మీ. మందానికి చదరపు మీటరుకు 320 నుంచి 360 కిలోలు. అంటే అయిదంగుళాల ఆర్‌సీసీ స్లాబుకు దీటైన బరువు. దూలాలు మీటరున్నర ఎడంగా, 4 మీటర్ల పొడవున ఉంటే ఒక్కోదాని మీద రెండు టన్నులు. నాలుగు తరాలు పోసి పోసి అది 30 సెం.మీ. అయితే మూడు టన్నులు, వానలో నానితే ఇంకా ఎక్కువ.

అలాంటి మిద్దెకు ప్లేట్లు, ఛానళ్లు కొనేముందు పారతో సగం మట్టి దించండి. కప్పు రెండువైపులా సమంగా, మధ్యనుంచి చివర్లకు దించుకుంటూ రండి. ఒక పక్కే ఖాళీ చేస్తే దంతెలు లేచిపోతాయి. ఎంత మట్టి మిగలాలో వాలు, నీళ్లు పోయే దారి చూసి నిర్ణయించుకోవాలి. ఖర్చు కూలీ ఒక్కటే. ఇంతకంటే చౌకైన బలం ఏ షాపులోనూ దొరకదు.

మూడో మెట్టు: ముట్లు పెట్టడం

మోస్తున్న దూలాన్ని తాకేముందు కింద ముట్లు, అంటే తాత్కాలికంగా బరువు ఆపే నిలువు ఊతాలు, నిలపాలి. సెంట్రింగు వాళ్ల ఇనుప జాకీలు మేలు. సరుగుడు కర్రలు వాడితే కింద చెక్క చీలికలు కొట్టి బిగించాలి. జాకీ కింద నేరుగా గచ్చు కాకుండా మందపాటి పలక వేయండి, బరువు పరుచుకుంటుంది. మొదటి అంతస్తులో పని అయితే కింది గదిలో కూడా సరిగ్గా అదే చోట జాకీలు పెట్టాలి. లేకుంటే పై బరువంతా కింది స్లాబు మధ్యలో గుచ్చినట్టు పడుతుంది.

కుంగిన దూలాన్ని పైకి ఎత్తాలనుకుంటే ఓపిక పట్టండి. ఒక విడతకు రెండు, మూడు మి.మీ. మించకుండా ఎత్తి, రోజు ఆగి, గోడల్లో పగుళ్లు చూసి మళ్లీ ఎత్తాలి. పాత కొయ్యను పూర్తిగా సమం చేయాలన్న పంతం వద్దు. దూలం సమం అయ్యేలోపు దాని మీద దశాబ్దాలుగా సర్దుకున్న గోడ చీలుతుంది.

ఈ మెట్టు దాటవేస్తే జరిగేది ఇదీ: వంగి ఉన్న దూలానికి వంగినట్టే ప్లేట్లు బిగిస్తారు. ఇప్పుడున్న బరువంతా పాత దూలమే మోస్తూ ఉంటుంది. కొత్త ఇనుము రేపు వచ్చే బరువులో మాత్రమే వాటా తీసుకుంటుంది. ముట్లతో బరువు దించి, బిగించి, ఆ తర్వాత ముట్లు తీస్తేనే ఇద్దరూ కలిసి మోస్తారు.

నాలుగో మెట్టు: ఇనుప గర్డర్ ఒరగకుండా పట్టుకోవడం

ఐఎస్‌ఎంబీ 200 అనే ఐ ఆకారపు గర్డర్ తీసుకుందాం. వెల్డర్లు ఎనిమిదంగుళాల గడ్డర్ అనేది ఇదే. మీటరుకు 25 కిలోలు. నిలువు దిశలో దాని బిగువుతో పోలిస్తే పక్క దిశలో బిగువు 15వ వంతు. కిందికి బరువు పడినప్పుడు పై రెక్క, అంటే ఫ్లాంజ్, నొక్కుకుపోతుంది. నొక్కిన సన్నటి బద్ద పక్కకు ఎగరాలనే చూస్తుంది. కింది ఫ్లాంజ్ సాగుతూ నిటారుగా ఉండాలంటుంది. ఈ రెండింటి మధ్య గర్డర్ మెలిక తిరుగుతుంది.

ఎంత నష్టమో లెక్కలో చూడండి. 5 మీటర్ల పొడవు, రెండు చివర్లు మాత్రమే పట్టి ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. ఐఎస్ 800:2007 పద్ధతిలో వేస్తే ఆ గర్డర్ తన పూర్తి వంపు బలంలో దాదాపు 41 శాతమే ఇస్తుంది. సరిగ్గా మధ్యలో ఒక్కచోట పై ఫ్లాంజ్‌ను పట్టుకుంటే 71 శాతం. మూడు సమభాగాలుగా రెండుచోట్ల పట్టుకుంటే 85. మొదటి ఊతం 30 శాతం తెచ్చింది, రెండోది 14. ఒక యాంగిల్ ముక్కతో వచ్చే లాభం ఇది. అదే లాభానికి గర్డర్ పెద్దది కొంటే ఎంత అవుతుందో షాపులో అడిగి చూడండి.

ఊతం ఎంత గట్టిగా ఉండాలి? పై ఫ్లాంజ్‌లో ఉన్న నొక్కుడు బలంలో రెండున్నర శాతం ఆపగలిగితే చాలు. మన గర్డర్‌కు అది సుమారు 550 కిలోలు. 50×50×6 యాంగిల్, రెండు చివర్లా 12 మి.మీ. బోల్టులో, సరైన వెల్డో ఉంటే ఆపేస్తుంది. గోడకు కట్టే బోల్టు పాత ఇటుకలో కాకుండా కాంక్రీటు బెల్టులో పడితే మంచిది.

అసలు పొరపాటు బలంలో కాదు, ఊతం ఇంకో చివర ఎక్కడ ఆనుతోంది అన్నదానిలో జరుగుతుంది. ఒక బండి షెడ్డు చూశాను. నాలుగు గర్డర్లు పక్కపక్కనే, మధ్యలో పైపులతో ఒకదానికొకటి చక్కగా కట్టారు. గుండు పెట్టి చూస్తే నాలుగూ ఒకే వైపు ఒరిగి ఉన్నాయి, చేతులు పట్టుకుని తూలుతున్న నలుగురిలా. పైపులు ఒకదాని కదలికను ఇంకోదానికి అందించాయి గానీ ఆపలేదు. ఆ వరస ఎక్కడో ఒకచోట కదలని దానికి ముడిపడాలి: కాంక్రీటు బెల్టుకో, గట్టి గోడకో. లేదా రెండు గర్డర్ల మధ్య గడిలో పైనుంచి చూస్తే ఇంటూ గుర్తులా కనబడేట్టు అడ్డంగా యాంగిళ్లు వేయాలి. షెడ్డుకు ఒక్క గడిలో ఇంటూ పడినా మిగతావి దాన్ని పట్టుకుని నిలుస్తాయి; పొడవైన షెడ్డుకు రెండు చివర్లా వేయండి.

కట్టడానికి గోడ లేనిచోట ఇంకో ఉపాయం ఉంది. రెండు గర్డర్లను సన్నటి పైపుతో కాకుండా సి ఆకారపు లోతైన ఛానల్‌తో జతచేయండి. ఎనిమిదంగుళాల గర్డర్‌కు ఐఎస్‌ఎంసీ 125 వేసి, దాని చివర్లను గర్డర్ నడుమ ఉండే నిలువు పలక, అంటే వెబ్‌కి నిలువు ప్లేటుతో పూర్తి లోతున పట్టించాలి. అప్పుడు ఒకటి మెలిక తిరగాలంటే ఛానల్ వంగాలి. జత రెండూ ఒకదాన్నొకటి మెలిక తిరగనివ్వవు.

ఏది ఊతం కింద లెక్క, ఏది కాదు? పై ఫ్లాంజ్ ఆర్‌సీసీ స్లాబులో మునిగి ఉంటే పూర్తి ఊతం, ఇంకేమీ అక్కర్లేదు. పర్లిన్లు బోల్టులతో బిగించి, రేకుల తలంలో ఇంటూ బ్రేసింగ్ ఉంటే ఆ పర్లిన్లు లెక్కలోకి వస్తాయి. తెలంగాణలో గర్డర్ల మీద షాబాద్ బండలు పరిచిన కప్పుల్లో బండ ఉత్తగా ఆనుకుని ఉంటే దాన్ని నమ్మకండి. సందుల్లో సిమెంటు గట్టిగా కూరి ఉన్నా నేను సగమే నమ్ముతాను.

కోస్తాలో ఉన్నవాళ్లకు ఇంకో మెలిక. గాలి బరువులకు వాడే ఐఎస్ 875 పటంలో విశాఖ, విజయవాడ, నెల్లూరులకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44, కర్నూలుకు 39. 50 మీటర్ల గాలి అంటే, మిగతా గుణకాలేవీ వేయకముందే, చదరపు మీటరుకు 150 కిలోల దాకా ఒత్తిడి. అర మి.మీ. రేకు బరువు అదే చదరపు మీటరుకు అయిదు కిలోలు దాటదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దాటినప్పుడు రేకుల షెడ్ల గతి ఏమైందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గాలి కప్పును పైకి లాగినప్పుడు వంపు తిరగబడుతుంది; ఇప్పుడు నొక్కుకునేది కింది ఫ్లాంజ్. పైన పర్లిన్లు ఎన్ని పట్టుకున్నా కింది ఫ్లాంజ్ గాల్లోనే ఉంది. అందుకే పర్లిన్ నుంచి గర్డర్ కింది ఫ్లాంజ్‌కు ఏటవాలుగా ఒక చిన్న యాంగిల్ దించాలి, రెండు మూడు పర్లిన్లకొకటి చొప్పున. బాల్కనీలా బయటికి పొడుచుకొచ్చిన గర్డర్‌కు మామూలు రోజుల్లో కూడా నొక్కుకునేది కింది ఫ్లాంజే.

అయిదో మెట్టు: వెబ్ ప్లేట్లు, చివరి ఆనుడు

గర్డర్ మీద ఒక పోస్టు నిలబెడితే, దాని కింద పలుచటి వెబ్ నలిగిపోవచ్చు. ఐఎస్‌ఎంబీ 200 వెబ్ మందం 5.7 మి.మీ. మాత్రమే. అక్కడ వెబ్‌కు రెండువైపులా 8 మి.మీ. ప్లేట్లు నిలువుగా పెట్టాలి. ఒక్కోటి ఫ్లాంజ్ అంచు దాకా, అంటే దాదాపు 45 మి.మీ. వెడల్పు. లోపలి మూలలు 15 నుంచి 20 మి.మీ. కోసేయండి, వెబ్, ఫ్లాంజ్ కలిసే వంపులో ప్లేటు కూర్చోదు, అక్కడ వెల్డ్ కూడా పడకూడదు. బరువు పడే ఫ్లాంజ్‌కు ప్లేటు సందు లేకుండా ఆనాలి. సందు మిగిలితే దాన్ని వెల్డ్‌తో నింపే అలవాటు మన దగ్గర ఉంది. ప్లేటు మళ్లీ కోయించండి, మొహమాటపడొద్దు.

ఈ నిలువు ప్లేట్లు కుంగుడును తగ్గించవు. అడుగుకొకటి కొట్టించి గర్డర్ గట్టిపడిందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అవి నలగడాన్ని ఆపుతాయి, మెలికకు కాస్త అడ్డుపడతాయి, అంతే.

ఇక గోడ మీది ఆనుడు. చివర్లో 3 టన్నులు దిగుతున్న గర్డర్ ఫ్లాంజ్ వెడల్పు 100, గోడలో దూరింది 150 మి.మీ. అనుకోండి. ఇటుక మీద చదరపు మి.మీ.కు 2 న్యూటన్లు పడుతుంది. మామూలు ఇటుక గోడకు అర న్యూటన్ దగ్గరే ఆగాలి. మట్టితో కట్టిన గోడకు అదీ ఎక్కువే. అదే గర్డర్ కింద 400×230 కాంక్రీటు దిమ్మ వేస్తే 0.33కు దిగుతుంది. దిమ్మ మీద 10 మి.మీ. బేస్ ప్లేటు, రెండు యాంకర్ బోల్టులు. గర్డర్ పగలడం నేను చూడలేదు. గర్డర్ కింద గోడ నలగడం మాత్రం చాలా చూశాను.

ఆరో మెట్టు: గర్డర్‌నే గట్టిపరచాల్సి వస్తే

ముందు మధ్యలో ఒక పోస్టు పెట్టే వీలుందా చూడండి. సమంగా పరుచుకున్న బరువుకు కుంగుడు పొడవు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పొడవు సగమైతే కుంగుడు పదహారో వంతు. పోస్టు కింద పునాది మాత్రం నిజమైనది కావాలి, గచ్చు మీద ఆనిన పోస్టు కాదు.

పోస్టు కుదరకపోతే పై, కింది ఫ్లాంజ్‌లకు ప్లేట్లు వెల్డ్ చేయవచ్చు. ఐఎస్‌ఎంబీ 200కు పైనా కిందా 90×10 ప్లేట్లు పడితే బిగువు 1.9 రెట్లు అవుతుంది. ఫ్లాంజ్ 100 ఉంటే ప్లేటు 90 ఎందుకంటే వెల్డ్ కూర్చోవడానికి అంచు కావాలి. తలపైన చేసే వెల్డింగ్ మంచి చేయి ఉన్నవాడికే ఇవ్వండి. ఒకే చోట నుంచి గబగబా లాగించకుండా, అటొక ముక్క ఇటొక ముక్క చల్లారనిస్తూ వేయాలి. లేకుంటే వేడికి గర్డరే వంకర పోతుంది. బరువు మోస్తున్న ఇనుమును కాల్చడం ప్రమాదం, కాబట్టి జాకీలు లేకుండా రాడ్ అంటించనివ్వకండి. కింది ఫ్లాంజ్‌కు అడ్డంగా వెల్డ్ గీతలు, గ్యాస్‌తో ఊదిన రంధ్రాలు అసలే వద్దు. రంధ్రం కావాలంటే డ్రిల్లే.

ఏడో మెట్టు: కొయ్య దూలం

కొయ్యకు ఐఎస్ 883 ఒక సులువైన కొలత ఇస్తుంది. లోతు వెడల్పుకు మూడు రెట్లు దాటినా, పొడవు వెడల్పుకు 50 రెట్లు దాటినా పక్క ఊతం తప్పనిసరి. ఆ ఊతాల మధ్య దూరం కూడా వెడల్పుకు 50 రెట్లు మించరాదు. 50 మి.మీ. మందం దంతెలైతే రెండున్నర మీటర్లకొకటి. దంతెల మధ్య నిండు లోతు అడ్డకట్టె పెట్టి, పక్క దంతెకు మేకులు కాక స్క్రూలు వేయండి. టేకైనా ఏగిసైనా ముందు సన్నగా డ్రిల్ చేయకపోతే చివర చీలుతుంది. నడిస్తే ఊగే అటకకు కూడా ఇదే మందు.

పాత దూలం బాగానే ఉండి బలం చాలకపోతే రెండు పక్కలా ఇనుము కట్టవచ్చు. టేకుతో పోలిస్తే ఇనుము దాదాపు 20 రెట్లు బిగువు, అందుకే సన్నటి ప్లేటు కూడా పని చేస్తుంది. 100×200 టేకు దూలానికి ఇరువైపులా 180×6 ప్లేట్లు నిలువుగా బిగిస్తే బిగువు 2.75 రెట్లు, మీటరుకు పెరిగే బరువు 17 కిలోలు. ప్లేట్ల బదులు ఐఎస్‌ఎంసీ 150 ఛానళ్లు కడితే 5.7 రెట్లు, బరువు 33 కిలోలు. ఛానల్ చివర్లను గోడలోకి దూర్చి ఆనించగలిగితే ఛానల్ వైపే నా ఓటు, ఎందుకంటే గోడలో పుచ్చిన కొయ్య చివర మీద ఆధారపడటం తప్పుతుంది. చివర బాగుందనుకుంటే ప్లేట్లు చాలు.

బోల్టులు 12 మి.మీ.వి, రంధ్రం 13. ఒకటి పైన ఒకటి కింద అన్నట్టు మార్చి మార్చి, 400 మి.మీ. ఎడంగా. దూలం అంచు నుంచి కనీసం 50, చివరి నుంచి 85 మి.మీ. వదలండి. అన్నీ ఒకే గీత మీద వేస్తే కొయ్య ఆ గీత వెంట చీలుతుంది. రంధ్రాలు ముందు ప్లేటులో వేసి, దాన్నే అచ్చుగా పెట్టుకుని కొయ్యలో వేయాలి. బిగించే ముందు ప్లేటు లోపలి ముఖానికి ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు కొట్టండి. కొయ్య పక్కన వెల్డింగ్ పెట్టకండి. నిప్పురవ్వ సందులో పడి గంటల తర్వాత రాజుకుంటుంది.

వైరింగు వాళ్లు, ప్లంబర్లు దూలం కింది అంచున గాడి తీస్తామంటే ఒప్పుకోకండి. మధ్య మూడో వంతులో కింది అంచు ఎక్కువగా సాగుతూ ఉంటుంది. అక్కడ 30 మి.మీ. గాడి అంటే దూలాన్ని 200 నుంచి 170కి తగ్గించుకున్నట్టే. పైపు దూర్చక తప్పకపోతే లోతు మధ్యలో, చిన్న గుండ్రటి రంధ్రం.

పంచల్లో, పందిళ్లలో స్తంభానికీ దూలానికీ మధ్య 45 డిగ్రీల ఊతకట్టె పెడతాం కదా, 600 మి.మీ. భుజానికి కట్టె పొడవు 850 అవుతుంది. ఇది దూలాన్ని మోస్తూనే స్తంభాన్ని పక్కకు నెడుతుంది. పాతిపెట్టిన తాటి స్తంభం ఆగుతుంది. రాతి మీద ఊరికే నిలబెట్టిన సన్నటి స్తంభం అయితే దాని అడుగు జారకుండా ముందు కట్టాలి.

పని అయ్యాక

ముట్లు ఒకేసారి లాగేయకండి. మధ్యవి ముందు వదులు చేసి, దారం కొలత చూసి, గంట ఆగి మిగతావి తీయండి. ఆ కొలత తేదీతో గోడ మీద రాయండి. ఒక ఎండాకాలం దాటాక కొయ్య ఎండి కుదించుకుంటుంది, బోల్టులు వదులవుతాయి. స్పానరు తీసుకుని ప్రతి నట్టునూ మళ్లీ బిగించండి. గోడలో ప్లాస్టరు చేసి మూసేయాలని మేస్త్రీ తొందరపెడితే, ఆ బిగింపు అయ్యేదాకా ఆగమనండి.